పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో రకం, పీరియడ్ మాత్రం ఒక్కటే: ఒకే పాఠాన్ని అందరికీ అందేలా చెప్పడం ఎలా?

ట్రైనింగ్ ఏదైనా ఒక స్లైడ్ తప్పకుండా వస్తుంది. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, కొందరు చేతులతో చేస్తేనే నేర్చుకుంటారు, కాబట్టి ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లకు చెప్పండి అని. అక్కడ అందరం తలూపుతాం. తెల్లారి బడికొచ్చి నలభై మంది ముందు నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు సర్కారు బళ్లలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పే టీచర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నా. ప్రైమరీ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. ముందే చెప్పేస్తున్నా, పిల్లల్ని శైలుల వారీగా పంచే పద్ధతి ఇందులో దొరకదు. పాఠాన్ని నాలుగు దారుల్లోకి విడదీసి, ఆ దారులన్నిట్లో పిల్లలందర్నీ నడిపించే పద్ధతి దొరుకుతుంది.

మొదటి మెట్టు: లేబుళ్లు పీకేయండి

మనం వినే ఈ లెక్కల్లో ఎక్కువ పేరున్నది వార్క్. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్, కాలీన్ మిల్స్ 1992లో దీన్ని ముందుకు తెచ్చారు. చూడడం, వినడం, చదవడం-రాయడం, చేయడం అని అందులో నాలుగు రకాలు. ఇదొక్కటే అనుకోకండి. 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్క తీస్తే ఇలాంటి నమూనాలు 71 తేలాయి. 71 రకాలుగా పిల్లల్ని పంచొచ్చంటే, అసలు పంచడంలోనే ఏదో తేడా ఉందని మనకు డౌట్ రావాలి.

2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోహ్రర్, రాబర్ట్ బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టారు. వాళ్లు వెతికింది సూటి రుజువు. చూసి నేర్చేవాళ్లు అన్న గుంపులో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చెప్పాలి. విని నేర్చేవాళ్ల గుంపులోనూ అదే చేయాలి. చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. శైలి సంగతి నిజమైతే, తన శైలిలో విన్నవాడికి మార్కులు ఎక్కువ రావాలి. ఇంత పద్ధతిగా చేసిన పరిశోధనలు వాళ్లకు దొరికినవే తక్కువ, వాటిలోనూ కొన్ని ఆ సిద్ధాంతానికి ఎదురే చెప్పాయి. శైలిని బట్టి బోధించాలి అనడానికి తగిన ఆధారం లేదని తేల్చేశారు.

అంటే పిల్లలకు ఇష్టాలు ఉండవనా? ఉంటాయి. బొమ్మ వేయమంటే ఎగిరి గంతేసేవాడు ఉంటాడు, పాట అంటే ముందు లేచేది ఒకతి ఉంటుంది. ఇష్టం వేరు, బుర్రకెక్కడం వేరు. లేబుల్ వేస్తే వచ్చే నష్టం ఇంకోటి ఉంది. "నేను చూసి నేర్చే టైపు సారూ, చదివితే నాకు ఎక్కదు" అని ఏడో తరగతి పిల్లగాడు చెప్పడం మొదలుపెట్టాడంటే, చదవకుండా ఉండడానికి వాడికి మనమే ఒక సర్టిఫికెట్ రాసిచ్చినట్టు.

దారి ఏదో చెప్పేది ఎక్కువగా పాఠమే. పటం చూడాల్సిందే. పద్యం వినాల్సిందే, పైకి అనాల్సిందే. కోణమానిని పట్టుకోకుండా కోణం కొలవడం ఎవడికీ రాదు.

రెండో మెట్టు: నిజంగా ఎక్కడ తేడా ఉందో చూడండి

మన క్లాసుల్లో పిల్లల మధ్య తేడాలు బోలెడు. వాటిలో ఎక్కువ భాగం శైలి కింద రావు. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లకు ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. అమ్మానాన్న బొంబాయికో పుణెకో పనికి పోయి, నానమ్మ దగ్గర ఉండే పాలమూరు పిల్లగాడు హోంవర్క్ ఎవరికి చూపించాలి? పత్తి తీసే రోజుల్లో వారానికి రెండు మూడు రోజులు రానివాళ్లు ఉంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లకు గార పట్టిన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, లేదంటే మాట్లాడనే మాట్లాడదు. ఆమెను "విని నేర్చే రకం" అని రాసుకుంటే అంతకంటే అన్యాయం లేదు.

బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒక నోట్‌బుక్ పెట్టండి, పిల్లకో పేజీ. ఈ నాలుగు సంగతులు రాసుకుంటే చాలు.

చదువు ఏ మెట్టు మీద ఉందో చూడాలి. పల్లెల్లో పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడేలాంటి చిన్న కాగితం చాలు. అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. ఎక్కడ ఆగితే అది వాళ్ల మెట్టు. లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, భాగహారం ఒకటి. చదవడం, లెక్కల మూలాలు గట్టిపరిచే సర్కారు కార్యక్రమాలు, 2022లో ప్రైమరీకి తొలిమెట్టు, ఆ తర్వాత పై తరగతులకు ఉన్నతి వచ్చాక, మొదట్లో స్థాయి చూసే ఈ బేస్‌లైన్ పరీక్ష మనం ఎలాగూ చేస్తున్నాం. రిజిస్టర్‌లో నింపి పంపేస్తున్నాం గానీ పాఠం ప్లాన్ చేసేటప్పుడు దాన్ని తెరవడం లేదు.

తర్వాత కళ్లు, చెవులు. చివరి వరుసలో కూర్చోబెట్టి బోర్డు మీది తేదీ చదివించండి. వెనక నిలబడి మామూలు గొంతుకంటే కాస్త తగ్గించి పేరు పెట్టి పిలవండి. ఎప్పుడూ పక్కవాడి నోట్సులో చూసి రాసేవాడికి బద్ధకం కాకపోవచ్చు, బోర్డు కనబడక కావచ్చు. అద్దాలొస్తే తీరే సమస్యకు బోధనా పద్ధతులు మార్చుకుంటూ పోతే లాభం లేదు.

మూడోది ఇంట్లో ఏ భాష, ఎవరి దగ్గర ఉంటున్నారు. నాలుగోది క్లాసులో నోరు విప్పుతారా లేదా. ఇవి అడిగి రాసేవి కావు, మధ్యాహ్న భోజనం దగ్గర కాస్త నిలబడితే తెలిసిపోతాయి.

మూడో మెట్టు: ఒక్క పాఠం తీసుకుని విడదీయండి

ఇక్కడ నిదానంగా చెప్తాను, అసలు పని ఇదే. ఆరో తరగతి దశాంశాలు తీసుకుందాం. మన ప్రాంతంలో ఈ పాఠానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, అది పుస్తకంలో ఉండదు. పట్టాదారు పాస్‌బుక్‌లో భూమి ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. ఎకరం పది గుంటలను 1.10 అని రాస్తారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి పది గుంటలంటే పావు ఎకరం. లెక్కల క్లాసులో మాత్రం 1.10 అంటే ఒకటి, అందులో పదో వంతు. రైతు బిడ్డకు 1.20, 1.20 కలిపితే ఎంత అని అడగండి, "మూడెకరాలు సారూ" అంటాడు. వాళ్ల నాయనకు, పెదనాయనకు పంచిన భూమి లెక్క అది, తప్పెట్లా అవుతుంది? మనం 2.40 అని దిద్దుతాం. వాడు ఇక ఆ పాఠం ముట్టుకోడు.

ఆ చిక్కుతోనే మొదలుపెట్టండి. నాలుగు దారుల్లో ఇలా నడుస్తుంది.

ముందు చేయడం. వరండాలో సుద్దముక్కతో పెద్ద దీర్ఘచతురస్రం గీసి, అడ్డంగా 8, నిలువుగా 5 గళ్లు చేయండి. 40 గళ్లు, ఇది ఎకరం, ఒక్కో గడి గుంట. పక్కనే ఇంకోటి, 10 బై 10, అంటే 100 గళ్లు. ఇదీ ఒకటే, కానీ దశాంశాల ఒకటి. రెండు డబ్బాల సైజు దాదాపు సమానంగా ఉండేలా చూడండి, లేకపోతే మొత్తం గందరగోళం. ఇప్పుడు పిల్లల చేత రెండింట్లోనూ పదేసి గళ్లలో చింతగింజలు పెట్టించండి. ఎకరంలో 8 నిలువు వరుసలకు 2 నిండుతాయి, పావు వంతు. పక్కదాంట్లో 10 వరుసలకు ఒక్కటే నిండుతుంది. ఏమీ చెప్పకండి. వాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, "అరే, గిదేంది సారూ" అని ఎవడో ఒకడు అనే దాకా ఆగండి.

తర్వాత మాట్లాడడం. ఇద్దరిద్దరు కూర్చుని, రెండు చోట్లా పదే పెట్టాం కదా, ఒకచోట ఎక్కువ నిండింది, ఒకచోట తక్కువ, ఎందుకు అని ఒకరికొకరు చెప్పుకోవాలి. లంబాడీలో చెప్పుకున్నా సరే, అసలు అలాగే చెప్పుకోమనండి.

ఆ తర్వాత బొమ్మ. నేల మీద ఉన్న రెండు డబ్బాలను గళ్ల నోట్సులో వేసి రంగు నింపాలి. చివరికి గుర్తులు: 10/40 అంటే 1/4, అంటే 0.25. పాస్‌బుక్‌లోని 1.10ని దశాంశంలో రాస్తే 1.25 అవుతుంది. పీరియడ్ అయిపోయే ముందు అందరికీ ఒకే ప్రశ్న ఇవ్వండి: ఒక రైతుకు 2.30 ఉంది, ఇంకో 1.20 కొన్నాడు, మొత్తం ఎంత? ఫోన్‌లో క్యాలిక్యులేటర్ 3.50 అంటుంది. పాస్‌బుక్ లెక్క అయితే 50 గుంటల్లో 40 తీసి ఎకరం చేసి 4.10 అవుతుంది. దశాంశంలో రాస్తే 2.75కి 1.50 కలిపి 4.25. ఈ మూడింటికీ తేడా చెప్పగలిగిన పిల్లకు దశాంశ స్థానం అర్థమైనట్టే.

జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన వరుస ఇదే: చేత్తో, బొమ్మతో, గుర్తులతో. గమనించాల్సింది ఏంటంటే చేతిపని ఒక గుంపుకు, బొమ్మ ఇంకో గుంపుకు అని పంచలేదు. అందరూ అన్నీ చేశారు. లెక్కలు దంచేవాడు కూడా గింజలు పెట్టాడు, పెట్టేటప్పుడు మూతి ముడిచినా సరే.

ఇదంతా ఒక్క పీరియడ్‌లో పట్టకపోవచ్చు, రెండు తీసుకోండి. నేల మీద పనికి మొదటిది, నోట్సులో పనికి రెండోది. వాన పడితే వరండా బదులు బల్ల మీద పాత క్యాలెండర్ వెనకవైపు వాడుకోవచ్చు.

నాలుగో మెట్టు: ప్రశ్న వేశాక ఆగండి

ఖర్చు లేనిది, చాలామంది చేయనిది ఇది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్ని టేపు చేసి కొలిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను పాటే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పెద్దవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, ఎప్పుడూ మాట్లాడనివాళ్లూ మాట్లాడారు. మూడు భాషల మధ్య తిరిగే మన పిల్లలకు మూడు కూడా చాలదు, ఐదు ఇవ్వండి. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందు పిలిస్తే మిగతా వాళ్లంతా హమ్మయ్య అనుకుని వినడం మానేస్తారు.

భాష సంగతి కూడా ఇక్కడే. మన పుస్తకాల్లో ఎదురెదురుగా ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉంటుంది కదా, దాన్ని సరిగా వాడుకునే క్లాసులు తక్కువ. తెలుగు పేజీ ముందు చదివించి, విషయం అర్థమయ్యాక ఇంగ్లిష్ పేజీలో అవే పదాలను వెతికి గీత గీయించండి. తిరగేసి చేస్తే, అంటే ఇంగ్లిష్ చదివి తెలుగులో అర్థం చెప్తే, పిల్లలు మన నోరు తెరుచుకునే దాకా కూర్చుంటారు.

ఐదో మెట్టు: ఒకే ప్రశ్నకు మూడు మెట్లు

వర్క్‌షీట్లు మూడు రకాలు జిరాక్స్ తీయమని ట్రైనింగ్‌లో చెప్తారు. జిరాక్స్ డబ్బులు ఎవరిస్తారో చెప్పరు. బోర్డు మీద ఒకే ప్రశ్నను మూడు వరుసల్లో రాయండి. పై పాఠానికైతే: ఎకరంలో 20 గుంటలకు రంగు నింపు, 1.20ని దశాంశంలో రాయి, 3.15 పాస్‌బుక్ లెక్కా, దశాంశమా అన్నది చెప్పకుండా ఇస్తే నువ్వు ఎలా కనిపెడతావు? అందరూ మొదటిదానితో మొదలుపెడతారు, ఎవరు ఎంతవరకు పోతే అంతవరకు. రెండోది దాటడం మాత్రం అందరి లక్ష్యం, అక్కడ రాజీ వద్దు.

గుంపులు చేస్తే పదిహేను రోజులకోసారి కలిపేయండి. కృష్ణా, మూసీ, డిండి అని పేర్లు పెట్టినా రెండు రోజుల్లో ఏది మొద్దుల గుంపో పిల్లలు పసిగడతారు, పేరు ఎంత అందంగా పెట్టినా లాభం లేదు. చదువు మెట్టును బట్టి గుంపు చేసేది చదవడం, లెక్కల మూలాలు నేర్పే ఆ గంటకే. మిగతా రోజంతా కలిసే కూర్చోవాలి.

ఆరో మెట్టు: ఊరిని వాడుకోండి

పానగల్లు నల్లగొండకు పక్కనే. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పడే స్తంభం నీడ పొద్దంతా కదలదు, సూర్యుడు ఎటు తిరిగినా. ఏడు, ఎనిమిది తరగతుల కాంతి పాఠానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. అక్కడికి తీసుకుపోలేకపోతే అట్టపెట్టె చాలు. పెట్టెకు ఒకవైపు తెరిచి, మధ్యలో రెండు పెన్సిళ్లు నిలబెట్టి, ముందు టార్చ్ నేరుగా వేసి కదిలించమనండి, నీడ కదులుతుంది. తర్వాత టార్చ్‌ను పెట్టె బయట ఉన్న తెల్ల కాగితం మీద వేసి, అక్కడి నుంచి చెదిరి వచ్చే వెలుగుతో చూడమనండి. నీడ ఇప్పుడు ఎలా మారింది, టార్చ్ కదిపితే ఎంత కదిలింది అన్నది బొమ్మ గీసి రాయాలి. నేరుగా పడే ఎండకూ, చెదిరి లోపలికొచ్చే వెలుగుకూ తేడా అక్కడే దొరుకుతుంది.

మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలితే, 2018లో సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. మొక్కల్లో నీరు ఎలా ప్రయాణిస్తుందన్న పాఠాన్ని "ఆ మందు చెట్టులో ఏ దారిన పోయింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. దారువు (నీళ్లు మోసేది), పోషక కణజాలం (ఆహారం మోసేది) అన్న మాటలు ఆ తర్వాత చెప్పొచ్చు, అప్పుడు ఆ మాటలకు పని ఉంటుంది.

ఏడో మెట్టు: గుర్తు తెచ్చుకోనివ్వండి

కొత్త పాఠం మొదలెట్టే ముందు ఐదు నిమిషాలు, పుస్తకం మూసి, నిన్నటివి రెండు, పోయిన వారంవి ఒకటి, పలకల మీద. మార్కులు వద్దు. 2006లో రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులకంటే, చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ నిలిచింది. ఇది ఫలానా రకం పిల్లలకే పనికొస్తుందని లేదు. పలకలు లేకపోతే నోట్సు వెనక పేజీలు చాలు.

పరీక్ష సంగతికి వస్తే, ఎఫ్‌ఏ, అంటే ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం అనగానే మనకు స్లిప్ టెస్టే గుర్తొస్తుంది. పిల్లలు పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు పని కూడా అందులో ఉన్నాయి. మాట్లాడడానికి సిగ్గుపడే పిల్ల తన పాఠాన్ని బొమ్మగా వేసి చూపిస్తే పాల్గొన్నట్టే. రాత రాని పిల్లగాడు నోటితో చెప్తే విని మార్కులేయండి, కానీ రాత నేర్పడం ఆపకండి. ప్రాజెక్టు అంటే చార్టు మీద నెట్ నుంచి తీసిన బొమ్మలు అంటించడం అనుకుంటున్నాం, దానికి మార్కులేసే బదులు ఊళ్లో మూడు పాస్‌బుక్‌ల లెక్కలు, పేర్లు లేకుండా, దశాంశాల్లోకి మార్చుకు రమ్మనండి.

ఎనిమిదో మెట్టు: రానివాళ్లకు ఒక పేజీ

వలస పోయొచ్చిన పిల్లలు, పత్తికి పోయిన పిల్లలు తిరిగొచ్చిన రోజు క్లాసులో దిక్కులు చూస్తారు. ప్రతి పాఠానికి ఒక్క పేజీ సారాంశం, రెండు లెక్కలు, క్లాసులో బాగా రాసే ఒక పిల్ల చేత రాయించి ఫైల్‌లో పెట్టండి. తిరిగొచ్చినవాడి పక్కన ఒక తోడు పిల్లను వారం రోజులు కూర్చోబెట్టండి. ఆ తోడు ఎప్పుడూ ఒక్కరే కాకుండా మార్చండి, లేకపోతే ఆ పిల్ల తల్లిదండ్రులు మన దగ్గరికొస్తారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: మన చేతిలో లేనిది గుర్తుపట్టండి

నెలల తరబడి నేర్పినా అక్షరాలు తారుమారు చేసేవాళ్లు, బాగా మాట్లాడుతూ వాక్యం చదవలేనివాళ్లు ఉంటారు. దానికి డిస్‌లెక్సియా అని మనం పేరు పెట్టొద్దు, వదిలేయనూ వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, అందులో నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక వైకల్యం కూడా ఉంది. మీ నోట్‌బుక్‌లోని ఆ పిల్ల పేజీ పట్టుకుని హెచ్‌ఎంతో మాట్లాడి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో, వాళ్లకు నేర్పే ఐఈఆర్‌పీకి చూపించండి. పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు బడికి వచ్చిన రోజు కళ్లు, చెవుల పేర్ల లిస్టు చేతిలో సిద్ధంగా ఉండాలి. ఆ రోజు వెతుక్కుంటే దొరకదు.

సిలబస్ సంగతి

ఇట్లా చేస్తే సిలబస్ అయిపోదు అని స్టాఫ్‌రూమ్‌లో మొదట వచ్చే మాట ఇదే, అది ఉత్త సాకు కూడా కాదు. ప్రతి పాఠానికీ ఇంత చేయక్కర్లేదు. సబ్జెక్టుకు ఏడాదికి నాలుగైదు పాఠాలు ఉంటాయి, వాటిలో తడబడితే మిగతావన్నీ కూలతాయి: లెక్కల్లో భిన్నాలు, దశాంశాలు, పూర్ణసంఖ్యలు, నిష్పత్తి, సైన్సులో కాంతి, మొక్కల పోషణ, ఉష్ణం. వాటికి నాలుగు దారులూ తెరవండి. మిగతా పాఠాలకు పలకల మీద ఐదు నిమిషాలు, జంటల మాట, ప్రశ్న వేశాక ఐదు సెకన్లు ఆగడం ఉంటే సరిపోతుంది, వాటికి అదనపు పీరియడ్లు అక్కర్లేదు.

లెసన్ ప్లాన్‌లో వేరే ఫార్మాట్ కూడా వద్దు. ఉన్న కాలమ్‌లోనే పిల్లలు ఏం చేస్తారు, ఏం చెప్పుకుంటారు, ఏం గీస్తారు, ఏం రాస్తారు అని నాలుగు చిన్న వాక్యాలు, కింద చివరి ప్రశ్న. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కు పోయేటప్పుడు అలంకరించిన టీఎల్‌ఎం (బోధన సామగ్రి) చార్టు బదులు, ఆ చివరి ప్రశ్నకు పిల్లలు రాసిన నోట్సులు మూడు పట్టుకుపొండి: ఒకటి బాగా వచ్చినది, ఒకటి సగం వచ్చినది, ఒకటి అసలు రానిది. మూడోదాని మీదే చర్చ నడవనివ్వండి.